y కి అటూ ఇటూ గీతలు

మేధకు లెక్కలు చెప్పడం తన ఒక్కదాని హక్కని రమాబాయి అనుకునేది. ఆమె బీఎస్సీ మ్యాథ్స్ చదివింది. కూతురికి ఎక్కాల నుంచి ఎనిమిదో తరగతి దాకా తనే నేర్పింది. ఈ ఏడు ఆఫీసులో పని పెరగడంతో తప్పనిసరై సంతోష్‌నగర్‌లో షారోన్ అనే టీచర్ దగ్గర ట్యూషన్‌కు పెట్టింది.

అప్పటినుంచి ఇంట్లో షారోన్ మిస్ మాటే. మేధ రెండు జడలు మానేసి మిస్‌లాగా క్లిప్ పెట్టుకుంది. పత్తర్‌గట్టిలో బట్టలు కొనబోతే, "మిస్‌కు గిట్లాంటిదే ఉందమ్మా" అంటూ ఒక చున్నీ పట్టుకుని వదల్లేదు. అది బాగాలేదంది రమాబాయి. నిజానికి బాగుంది.

ఒక సాయంత్రం మేధ √(18x³y²) ను సూక్ష్మీకరిస్తోంది. పద్దెనిమిదిని తొమ్మిది రెళ్ళుగా విడదీసి, జతలుగా ఉన్నవాటిని రూట్ బయటికి తెచ్చి, 3x|y|√(2x) అని రాసింది.

"గా గీతలేంది y కి అటూ ఇటూ?"

"మోడ్ అమ్మా, మైనస్ తీసేసే గుర్తు. మిస్ పెట్టమన్నరు. y నెగెటివ్ గిట్ల ఉంటే..."

ఆ మిస్ మాట వినగానే రమాబాయికి ఒళ్ళు మండింది. "నేను డిగ్రీ దాంక చదివిన. y స్క్వేర్‌కు రూట్ తీస్తే y నే. తుడిచెయ్!" అంటూ రబ్బరు లాక్కుని తనే తుడిచేసింది.

ట్యూషన్ పరీక్షలో మేధ తల్లి చెప్పినట్టే రాసింది. మార్కు పోయింది. ఆ కాగితం చూడగానే రమాబాయికి కోపం కన్నా ముందు సంతోషం కలిగింది. ఆ షారోన్ తప్పును అందరి ముందూ పట్టుకోవచ్చు. మేధ వద్దంటున్నా వినకుండా ట్యూషన్‌కు వెళ్ళి, పిల్లలందరూ చూస్తుండగా కాగితం చూపించింది.

"సరైన జవాబుకు మార్కు ఎట్ల కట్ చేసిన్రు?"

షారోన్ లేచి నిలబడి కుర్చీ జరిపింది. రమాబాయి కూర్చోలేదు.

"మేడం, x కు రెండు, y కు మైనస్ రెండు పెట్టి మీరే చేసి చూడుండ్రి," అంటూ షారోన్ చాక్‌పీస్ అందించింది.

రమాబాయి బోర్డు మీద చకచకా వేసింది. రూట్ లోపల 576 వచ్చింది. దాని రూట్ 24. తన జవాబులో అవే విలువలు పెడితే మైనస్ 24 వచ్చింది. రూట్ గుర్తు పెట్టాక మైనస్ రాకూడదని ఆమెకు తెలుసు. చాక్‌పీస్ కింద పెట్టేసింది.

షారోన్ నవ్వలేదు. "మేధ జతలను మస్తు జల్దీ పట్టుకుంటది మేడం. ఎవరు నేర్పిన్రంటే మా అమ్మ అన్నది," అంది.

ఆ మెచ్చుకోలు రమాబాయికి ఇంకా కష్టంగా తోచింది. తన వస్తువునే ఎవరో తీసుకొచ్చి తనకు కానుకగా ఇచ్చినట్టుంది. షారోన్ కాస్త పొగరుగా మాట్లాడినా బాగుండేదనిపించింది. "తప్పు నాదే" అని పొడిగా చెప్పి బయటికి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం రమాబాయి తనే మేధ పక్కన కూర్చుని అదే లెక్క మళ్ళీ చేసింది. ఈసారి y కే కాదు, x కి కూడా గీతలు పెట్టింది.

"x కు అవసరం లేదమ్మా," అంది మేధ నెమ్మదిగా. "రూట్ లోపల x క్యూబ్ ఉంది. x నెగెటివ్ అయితే లోపలంతా నెగెటివే అయితది, రూటే రాదు. గందుకే x నెగెటివ్ కానేకాదు."

రమాబాయి లెక్క చూసింది. నిజమే.

"మీ మిస్ చెప్పిందా?"

"లేదు. నువ్వు గీత పెడుతుంటే ఇప్పుడే అనిపించింది."

రమాబాయి కూతురి ముఖంలోకి చూసింది. ఈ మాట అందరికన్నా ముందు తను విన్నది. దాన్ని తన దగ్గరే ఉంచుకోవాలనిపించింది. కాసేపు పెన్సిల్ చెక్కుతూ కూర్చుంది.

"రేపు పోయి మిస్‌కు చెప్పు," అంది చివరికి. "ఖుష్ అయితది."