లేజరు యంత్రానికి హారతి

ఆ విజయదశమినాడు కరోల్ బాగ్‌లోని డాక్టరు వరప్రసాద్ కంటి ఆసుపత్రిలో నేనొక యంత్రానికి ఆయుధపూజ చేయించాను. కళ్ళజోడు అవసరం లేకుండా చూపును సరిదిద్దే లేజరు యంత్రమది. విదేశం నుండి కొత్తగా వచ్చింది. పనిముట్టును పూజించడం మన ఆచారమే కనుక పిలవగానే ఒప్పుకున్నాను. వెళ్ళి చూద్దునుగదా, శస్త్రచికిత్స జరిగే గదిలో అతిథులు బూట్లతో తిరుగుతున్నారు. సమోసాల నూనె అంటిన చేతులతోనే ఒకాయన యంత్రాన్ని నిమిరి, దాని మెడలోని బంతిపూల దండ సర్దాడు.

అంతలో సుబేదారు ధర్మయ్య తన కూతురు శ్రీవల్లిని చేయి పట్టి నడిపించుకొని వచ్చాడు. కంటోన్మెంటులో వారి ఇంటికి వెళ్ళి ఆ పిల్లకు చిన్నప్పుడు పద్యాలు నేర్పినవాణ్ణి నేను. ఇప్పుడు సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతోంది. మందపాటి అద్దాల బాధ వదలుతుందని ముందునాడే ఆ యంత్రం కింద పడుకుంది. నల్లగుడ్డు మీది పలుచని పొరను కోసి, తలుపులా తెరచి, లోపల కిరణంతో సరిచేసి, మళ్ళీ మూస్తారట. కుట్లు ఉండవు. పొర అతుక్కునేదాకా కంటిని తాకకూడదని రెండు కళ్ళకూ ప్లాస్టిక్ డిప్పలు తొడిగారు. ఆనాడు కంటి పరీక్ష చేయించుకొని వెళ్ళడానికి వచ్చింది.

"డిప్పలు తీసేయమ్మా. ఫొటోలో నీ కళ్ళు కనపడొద్దూ? ఈ రోజు స్టార్‌వి నువ్వే," అన్నాడు డాక్టరు.

"తియ్యొద్దని మీరే అన్నారు కదా అంకుల్?"

"నేను పక్కనే ఉన్నానుగా."

"డాక్టర్ సాబ్ చెప్తాండాడు గదమ్మా, తియ్యి," అన్నాడు ధర్మయ్య. పైవారి మాటకు ఎదురు చెప్పడం సైన్యంలో ఆయన నేర్చుకోలేదు. శ్రీవల్లి డిప్పలు తీసేసింది.

నేను యంత్రానికి కర్పూరహారతి ఇచ్చాను. మేనేజరు త్యాగరాజు నా చేతిలోని పళ్ళెం అందుకొని, కెమెరాకు అనువుగా శ్రీవల్లి ముందు నిలిపాడు. పసితనం నుండి ఒంటబట్టిన అలవాటు. ఆ పిల్ల రెండు అరచేతులూ మంటపై చాచి, కళ్ళకు గట్టిగా అద్దుకుంది. నేను వద్దన్న మాట గంట మోతలో కలిసిపోయింది.

మరుక్షణమే ఆమె ముందుకు వంగిపోయింది. ఎడమకంట నీరు ధారగా కారుతోంది.

"నాన్నా, కంట్లో గుచ్చుతోంది. అంతా ధుంధలా హై, నీ ముఖం కూడా మసగ్గా ఉంది."

డాక్టరు చూశాడు. ఆయనకు అర్థమైంది, ముఖంలో రంగు మారడం నేను గమనించాను. అయినా కెమెరావైపు తిరిగి నవ్వాడు. "చూశారా, చూపు వచ్చిన ఆనందం. క్లోజప్ తీసుకో భయ్యా."

అందరూ చప్పట్లు కొట్టారు. అంతటి జుగుప్స నేను శ్మశానంలో కూడా ఎరుగను.

"పొర కదిలినట్లుంది. ముందు కన్ను చూడండి," అన్నాను.

"శాస్త్రిగారూ, మీరు మంత్రాలు చూసుకోండి, కళ్ళు నేను చూసుకుంటా. ఈ గది ఖాళీ చేయిస్తే గెస్టులు ఏమనుకుంటారు? మంత్రపుష్పం కానివ్వండి."

నేను చేతిలోని పూలు కింద పెట్టాను. "చెప్పను. పూజ సగంలో ఆగింది. ఇటువంటి యంత్రాన్ని ఏడాది పొడవునా ముట్టుకోవడం మీకు శుభమో కాదో మీరే ఆలోచించుకోండి."

దేవుని పేర భయపెట్టడం నాకు గిట్టని పని. కాని రాహుకాలం చూడనిదే గడప దాటని మనిషాయన. పిల్ల కన్నీటికి చలించని ముఖం ఆ మాటకు పాలిపోయింది. అతిథులను టీకి పంపి, గది తలుపు మూయించాడు.

ధర్మయ్య వరండాలో కాపలా సిపాయిలా నిటారుగా నిలబడ్డాడు. "నేను తియ్యమంటేనే తీసింది సామీ," అని ఒక్కమాట అన్నాడు. ఆయన భుజంమీద చేయి వేశాను.

కొంతసేపటికి డాక్టరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "పొర కడిగి సర్దేశాను. చిన్న ముడత ఉండొచ్చు, నో ప్రాబ్లమ్. ఇక కానివ్వండి."

"డిప్ప ఎవరు తీయమన్నారో ముందు ఈ తండ్రికి చెప్పండి."

"పేషెంటు తన చేత్తో తనే కళ్ళు నలుపుకుంటే అదీ నా తప్పేనా?"

నేను ఉత్తరీయం దులుపుకొని బయలుదేరాను. మంత్రపుష్పం నా నోట రాలేదు. ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. దీపావళి నాటికి ఆసుపత్రి ముందు పెద్ద ప్రకటన బొమ్మ వెలిసిందని విన్నాను. చెమ్మగిల్లిన కళ్ళతో నవ్వబోతున్న శ్రీవల్లి ముఖమట అది. వరప్రసాద్ పేరు దానికింద బంగారురంగు అక్షరాలలో మెరుస్తోందట.

కార్తీకమాసంలో తండ్రీకూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. చూపెట్లా ఉందని అడిగాను.

"అక్షరాలు చదవగలను తాతగారూ. ఎడమకంటికి దీపం మాత్రం రెండుగా కనిపిస్తుంది."

మా దేవుని హారతి ఆమె ముందుకు తెచ్చాను. అరచేతులు మంటదాకా వచ్చి, వెచ్చబడి, గాలిలోనే ఆగిపోయాయి. వాటిని ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక ఆ పిల్ల తండ్రివైపు చూసింది.