రాజసుడి ఉన్న గిటార్

పేరేసంద్ర చుట్టుపక్కల ఆయన్ను ఎద్దుల పిళ్ళప్ప అనేవాళ్ళు. ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు తగ్గిపోయారు, ఎందుకంటే ఎద్దులే తగ్గిపోయాయి. ఒకప్పుడు ఆ పక్క ఎవరు జత కొన్నా పిళ్ళప్ప వచ్చి, సుడులు చూసి, తల ఊపాల్సిందే. సుడి అంటే ఎద్దు ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు. మెడ దగ్గర ఉంటే అది రాజసుడి, ఆ ఎద్దు అడుగుపెట్టిన ఇంట్లో గాదెలు నిండుతాయి. నడుము మీద ఉంటే పాడెసుడి, ఇంటి యజమాని పాడె ఎక్కుతాడు. ఈ లెక్కలో పిళ్ళప్ప ఒక్కసారి కూడా తప్పలేదని ఊరు చెప్పేది. ఊరు మరిచిపోయిన రోజు పిళ్ళప్పే చెప్పేవాడు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చిపడ్డాయి. కొడుకు రూపేష్ ట్రాక్టరు కొన్న రోజు పిళ్ళప్ప దాని చుట్టూ తిరిగి తిరిగి, చూడటానికి ఏమీ దొరక్క, టైరును ఒక తన్ను తన్ని లోపలికి పోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏం కొన్నా ఆయన్ను అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఫ్రిజ్ వచ్చింది, అడగలేదు. చివరికి పాలిచ్చే జర్సీ ఆవును కూడా ఫోన్‌లో ఫోటో చూసి కొనేశారు. ఫోటోలో సుడి కనిపిస్తుందా, మీరే చెప్పండి. ఈ మాట ఆయన భార్య పుట్టమ్మతో వందసార్లు అనుంటాడు. ఆమె ఒకసారైనా వినుంటుంది.

ఇలా ఉండగా మనవరాలు శృతికి గిటార్ అవసరం పడింది. ఆ పిల్ల చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదువుతూ, చైత్ర అనే స్నేహితురాలితో కలిసి పాటల బృందం పెట్టింది. చింతామణిలో కాలేజీల మధ్య సంగీత పోటీ పెడుతున్నారు. అంతకు ముందు చిక్కబళ్ళాపురంలో ఎంపిక. ఇన్నాళ్ళూ అరువు గిటార్‌తో నెట్టుకొచ్చింది, దాని సొంతదారు సరిగ్గా ఇప్పుడే వెనక్కి తీసుకున్నాడు. గిటార్ లేకపోతే బృందమే లేదు. పిల్ల అన్నం దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రూపేష్‌కు కూతురికి వద్దని చెప్పే ధైర్యం లేదు. కొనే మనసూ లేదు. అందుకని ఉపాయంగా, "మీ తాత చూసి సరే అంటే కొంటాను" అన్నాడు. ముసలాయన చచ్చినా తల ఊపడని వాడి నమ్మకం.

మూల కూర్చున్న పిళ్ళప్ప చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమంటివిరా?" అన్నాడు. చెవులు బాగానే వినిపిస్తాయి ఆయనకు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది, అంతే.

ఆ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని సంగతంతా అడిగాడు.

"కరెంటుతో మోగే గిటార్ తాతా. ఒక్కో దేశంది ఒక్కో మాదిరి ఉంటాది. అమెరికాదానికి సగం రేటు పేరుకే పోతాది. జపాన్‌ది పాతదైనా పని శుద్ధంగా ఉంటాది. ఇండోనేషియాది పెట్టిన దుడ్డుకు మోసం లేదు. చైనాది మాత్రం మన అదృష్టం, ఒకటి బాగుంటాది, ఇంకోటి బాగుండదు."

"జాతులు అని చెప్పరాదా మరి," అన్నాడు పిళ్ళప్ప. "అమెరికాది ఒంగోలు. కట్టుకొని మేపల్లంటే మన చేత కాదు. జపాన్‌ది హళ్ళికారు. ఆ మూడోది మన నాటుది. చైనాది సంతకు మందగా తోలుకొచ్చేది."

"అంతే తాతా," అంది శృతి ఆశ్చర్యంగా. పాపం, ఆ పిల్లకు అక్కడే ఆశ పుట్టింది.

బాగేపల్లిలో నందీశ్ అనే ఆయన పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు డీజే పెట్టెలు వస్తున్నాయి కాబట్టి ఉన్న సామాను అమ్మేస్తున్నాడు. ఆయన దగ్గర మూడు గిటార్లున్నాయి, జపాన్‌ది, ఇండోనేషియాది, చైనాది. పిళ్ళప్ప తలపాగా చుట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, మనవరాలితో బస్సెక్కాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన నడకలో ఊపు కనిపించింది.

నందీశ్ మూడింటినీ మంచం మీద పరిచి పెట్టాడు.

"పండుకొన్నదాన్ని ఎవురన్నా చూస్తారా అప్పా? నిలబెట్టు," అన్నాడు పిళ్ళప్ప.

నందీశ్ నిలబెట్టాడు.

"నడిపిచ్చు."

నందీశ్ శృతి వంక చూశాడు. శృతి నేల వంక చూసింది. ఏం చేస్తాడు, బేరం పోగొట్టుకోలేక ఒక గిటార్‌ను చంకన పెట్టుకుని వాకిట్లో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. పిళ్ళప్ప తల ఒక పక్కకు వాల్చి నడక చూశాడు. తర్వాత పళ్ళు చూపించమన్నాడు. గిటార్ మెడ మీద వరసగా ఉన్న ఇనుప కమ్ములే పళ్ళని తనంతట తానే తేల్చుకుని వేలితో లెక్కపెట్టాడు. ఎద్దుకు ఎనిమిది వస్తే నోరు నిండినట్టు, దీనికేమో ఇరవై దాటిపోయాయి. "వయసు శానా ఉండాది దీనికి," అన్నాడు దిగులుగా.

ఇండోనేషియాది ఒళ్ళంతా నల్లరంగు. "యా మచ్చ దాచేకి రంగేసినారు?" అని అడిగాడు.

"అది కంపెనీ రంగు తాతా," అంది శృతి.

"సంతలో గూడా అట్లే చెప్తారు." అది తీసి పక్కన పెట్టించాడు.

జపాన్‌దాన్ని నందీశ్ స్పీకరు పెట్టెకు తగిలించి మీటాడు. నిజం చెప్పాలంటే పిళ్ళప్పకు కూడా ఒళ్ళు జలదరించింది. శృతి ముఖం వెలిగిపోయింది. అందరూ అయిపోయిందనే అనుకున్నారు. అప్పుడాయన దాన్ని వెనక్కి తిప్పాడు. చెక్కకు రంగు లేదు, చారలు కనిపిస్తున్నాయి. ఆ చారలన్నీ నడుము దగ్గర ఒకచోట చేరి గుండ్రంగా తిరిగాయి. పిళ్ళప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పాడెసుడి," అన్నాడు. "మీ నాయిన బతకల్లా వద్దా?"

"అది చెట్టు కణుపు తాతా."

"చెట్టుకు మాత్రం పాపం పుణ్యం లేవా?"

ఇక చైనాది. తేనెరంగు ముఖం, దాని మీద మంటలు లేచినట్టు చారలు. సరిగ్గా మెడ మొదట్లో, అచ్చంగా ఎక్కడ ఉండాలో అక్కడ, నిండైన ఒక సుడి. అంత చక్కని రాజసుడిని పిళ్ళప్ప ఏ ఎద్దు మీదా చూడలేదు. "ఇదే, ఇదే" అంటూ తడి కళ్ళతో నవ్వాడు. శృతి వంగి ఆ సుడిని దగ్గరగా చూసింది. ఏదో చెప్పబోయింది. తాత ముఖం చూసి నోరు మూసుకుంది.

బేరం మాత్రం పద్ధతిగా జరగాలి కదా. పిళ్ళప్ప తువ్వాలు తీసి నందీశ్ చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో ధర నోటితో చెప్పరు, వేళ్ళతోనే చెబుతారు. ఆర్కెస్ట్రా మనిషికి అదేం తెలుసు? పెద్దాయన ప్రేమగా చేయి పట్టుకున్నాడనుకుని తనూ మెత్తగా నొక్కాడు. ఆ నొక్కుడుకు ధర సగమైపోయింది. చివర్లో గిటార్ మెడలో వేసుకునే పట్టీని పిళ్ళప్పే విప్పి నందీశ్ చేతిలో పెట్టాడు. పలుపు అమ్మినవాడి దగ్గరే ఉండాలి, కొన్నవాడు కొత్తది తెచ్చుకోవాలి. అది ఆచారం. ఇంటికి రాగానే పుట్టమ్మ హారతిచ్చి, బొట్టుపెట్టి, కొత్త నూలు పలుపు కట్టింది. దానికి ఒక గంట కూడా ఉంది.

చిక్కబళ్ళాపురం ఎంపికకు పిళ్ళప్ప ముందు వరసలో కూర్చున్నాడు. ఆ రాజసుడి గిటార్ ఏం చేసిందో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. పాట సగంలో ఉండగానే తీగలు వదులయ్యాయి, స్వరం తప్పింది, స్పీకరు పెట్టె ఈల వేసింది. గంట మాత్రం ప్రతి అడుగుకూ తాళం తప్పకుండా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతలు బృందాన్ని చింతామణికి ఎంపిక చేస్తూ, గంట ఉంచుకుని గిటార్ మార్చుకోమని చెప్పారు.

పిళ్ళప్ప అవేవీ వినలేదు. ఆయన చూపంతా తర్వాత వేదికెక్కిన కుర్రాళ్ళ మీద ఉంది. ఒకడి మెడలో తేనెరంగు గిటార్. మెడ మొదట్లో రాజసుడి. వాడి తర్వాత వచ్చినవాడి దానికీ అదే సుడి, అదే చోట. లేచి వెళ్ళి ఒక కుర్రాడిని ఆపి, సుడి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"ప్రింటు తాతా," అన్నాడు ఆ కుర్రాడు. అతని పేరు అమరనాథ్. "బొమ్మ అచ్చేసి పైన అతికించినారు. అన్నిటికీ ఇదే ఉంటాది."

దేవుడు ఒక ఎద్దుకు పెట్టిన సుడిని ఇంకో ఎద్దుకు పెట్టడు. పిళ్ళప్ప బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. బస్సులో ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, కాగితానికి మోసపోయిన ముసలివాడినని తన మీద తనకే మండింది.

"నీకు తెలుసు గదా?" అన్నాడు చివరికి.

"ఆ పొద్దే తెలుసు తాతా."

"మరి యాల చెప్పలేదు?"

"నువ్వు అట్ల నవ్వి ఎన్నేండ్లాయ? నాకు చెప్పబుద్ధి కాలేదు."

పిళ్ళప్ప కిటికీ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు ఒక్కడే చైనా గిటార్ తీసుకుని బాగేపల్లి పోయాడు. ఈసారి నందీశ్ తనంతట తానే తువ్వాలు కింద చేయి పెట్టాడు, కానీ వేళ్ళు గట్టిగా ముడుచుకున్నాడు. చైనాది వెనక్కిచ్చి, పై ధర అప్పజెప్పి, పిళ్ళప్ప జపాన్‌దాన్ని ఇంటికి తెచ్చాడు. తెచ్చినవాడు లోపలికి తీసుకుపోకుండా వాకిట్లోనే ఆగాడు. సుడి సుడే కదా. అది అచ్చు బొమ్మ కూడా కాదు, నిజమైన పాడెసుడి.

"పుట్టా, కొడవలి కాల్చు," అన్నాడు.

చెడ్డ సుడి ఉన్న ఎద్దుకు దాని మీద వాత పెడితే దోషం పోతుంది. ఇది ఆ పక్క చిన్నపిల్లలకూ తెలుసు. రూపేష్ పరుగెత్తుకొచ్చాడు. "నాయినా, దుడ్డు పోసి కొన్నదాన్ని కాలుస్తావా?" అన్నాడు.

"నీ పాడె ఆపేకేరా ఇది. పక్కకు జరుగు." తర్వాత మనవరాలి వైపు తిరిగి, "అమ్మా, నీది ఇది. నువ్వు వద్దంటే మానేస్తా," అన్నాడు.

శృతి గిటార్ వంక చూసింది, తాత వంక చూసింది, కళ్ళు మూసుకుని "పెట్టు తాతా" అంది. చుయ్యిమంది. వాకిలంతా వార్నిష్ వాసన.

చింతామణిలో ఆ గిటార్ ఎలా పలికిందంటే, చైత్ర డ్రమ్ము మీద ఒక దెబ్బ వేయడం మరిచిపోయి వింటూ నిలబడింది. రెండో బహుమతి వచ్చింది. కిందికి దిగాక అమరనాథ్ వచ్చి గిటార్‌ను వెనక్కి తిప్పి చూసి, వాత మీద చేయి పెట్టాడు.

"ఇది యా దేశంది తాతా?"

"పుట్టింది జపాన్‌లో, వాత పడింది మా వాకిట్లో," అన్నాడు పిళ్ళప్ప. "ఇట్లాంటిది ఇంకోటి యాడన్నా ఉంటే తోలుకొని రాపో."

ఆ కుర్రాడు పోలేదు. తన రాజసుడి గిటార్‌ను రెండు చేతులా ముందుకు పట్టుకుని, కొంచెం మొహమాటంగా, "ఇది కూడా ఒకసారి చూస్తారా తాతా?" అని అడిగాడు.

పిళ్ళప్ప తలపాగా సర్దుకున్నాడు.

"నడిపిచ్చు," అన్నాడు.