ఉప్పు వేయని వాటా

ఉప్పు వేయకముందే తీసి పక్కన పెట్టాలి. అది మరిచిపోతే వండినదంతా దండగ. చచ్చిపోయినవాళ్ళు ఉప్పు ముట్టరు, వాళ్ళకి పెట్టకుండా బతికున్నవాళ్ళు తింటే ఆ తిండి ఒంటికి పట్టదు. వెర్లీన్‌కి ఇదెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అమ్మ చేస్తుంటే చూసింది అంతే. ఆ ఉదయం కూడా పెద్ద కుండలో మేకమాంసం పులుసు కుతకుతలాడుతుంటే, లవంగాల వాసన ఇల్లంతా కమ్ముకుంటుంటే, చిన్న గిన్నెలోకి రెండు గరిటెలు తీసి మూత బిగించి, ఆ తర్వాతే ఉప్పు డబ్బా వైపు చెయ్యి చాపింది.

"అయిందా లేదా? అవతల జనం వచ్చేశారు!" అని రేవు మీదినుంచి మొగుడు థాడియస్ కేక పెట్టాడు.

పడవ అతనిది. పడవ మీద రంగుతో రాయించుకున్న పేరూ అతనిదే. పులుసు, రొట్టెలు, ఉతికి ఆరేసిన లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె, కడుపులో తిప్పేవాళ్ళకి అల్లం ముక్కలు మాత్రం వాటంతటవే నడిచొచ్చి పడవలో కూర్చుంటాయి కాబోలు. "నీకేం, రాణీగారివి! రోజూ నాతో షికారు," అంటాడు. మొదట్లో ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండేది. పోను పోను, ఇది నిజంగా షికారేనేమో, తనకే సంతోషపడటం చేతకావడం లేదేమోనని అనుమానం పట్టుకుంది. పడవ చివర ఐసు పెట్టె మీద కూర్చుని, ఎదురుగా పరిగెత్తుతున్న ఒడ్డుని చూస్తూ, సంతోషమంటే ఇలాగే ఉంటుందా అని వెతుక్కునేది. దొరికేది కాదు. దొరకలేదని చెబితే, అతనేమంటాడో ఆమెకి తెలుసు.

ఆ వేళ పడవలో టోపీలు పెట్టుకున్న టూరిస్టులు కొందరు, వాళ్ళ మధ్య నల్లకళ్ళద్దాల పెద్దావిడ ఒకామె ఉన్నారు. ఎక్కేటప్పుడు ఆ పెద్దావిడ వెర్లీన్ మొహంలోకి తేరిపార చూసి, ఏదో అడగబోయి ఊరుకుంది. పడవ దీవి పడమటి ఒడ్డు పట్టుకుని దక్షిణానికి సాగింది. పచ్చటి కొండచరియలు, వాటి మీద తెల్లగా వాలిన పక్షులు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్రాన్స్‌బీ కొన దాటగానే పచ్చదనం ఒక్కసారిగా ఆగిపోయి బూడిద మొదలవుతుంది. అక్కడ ఎంతటి వాగుడుకాయలైనా నోరు మూసుకుంటారు. పైన అగ్నిపర్వతం పొగ కప్పుకుని కూర్చుని ఉంటుంది, గాలి తిరిగితే కుళ్ళిన గుడ్ల కంపు.

థాడియస్ ఇంజను తగ్గించి మైకు అందుకున్నాడు.

"అదిగోనండీ ప్లిమత్! మా ఊరు. ఆ బూడిద కింద బడి ఉంది, చర్చి ఉంది, నాకు బాకీ ఎగ్గొట్టినవాళ్ళ ఇళ్ళు కూడా ఉన్నాయి!" జనం నవ్వారు. ఎప్పుడూ ఇక్కడే నవ్వుతారు. "ఆ ఎర్రరేకుల కప్పు చూశారా, ఒక్కటే తల పైకెత్తుకుని ఉంది? అది నా ఇల్లు. కొండ నిప్పులు కక్కుతున్న రోజు అందరూ పారిపోతుంటే, నేను వెనక్కి పరిగెత్తా. ఎందుకో తెలుసా? మా అత్తగారి కుట్టు మిషను కోసం! ఇనుప మిషనండీ, భుజాన వేసుకుని, బూడిద వానలో..."

నా ఇల్లు అట. ఆ ఇల్లు వెర్లీన్ వాళ్ళమ్మ నొవెల్లాది. ఊళ్ళో ఆడపిల్లల పెళ్ళిగౌనులన్నీ కుట్టి, ఒక్కొక్క గదే వేసుకుంటూ వచ్చింది. థాడియస్ ఇల్లరికం వచ్చాడు. "మావాడు ఇల్లు చూసి రాలేదు, పిల్ల మీద జాలిపడి వచ్చాడు," అని అతని తల్లి చర్చి మెట్ల మీద అందరితోనూ అనేది. నొవెల్లా నవ్వి ఊరుకునేది. కొండ పేలకముందే కన్నుమూసింది, అదృష్టవంతురాలు. ఇక కుట్టు మిషను సంగతి. ఆ రోజు థాడియస్ జెట్టీ దగ్గర పడవ ఇంజనుతో కుస్తీ పడుతున్నాడు. వెనక్కి పరిగెత్తింది వెర్లీన్. అలాగే జరిగిందని ఆమెకి తెలుసు. కానీ ఇన్నేళ్ళుగా ఇదే కథ ఇదే గొంతుతో విని విని, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే బూడిదలో మిషను మోసుకొస్తున్నవాడు థాడియసే కనిపిస్తాడు. చొక్కా గుండీలతో సహా కనిపిస్తాడు. వాన పడితే నొప్పి పుట్టేది మాత్రం ఆమె భుజమే.

"ఇప్పుడు మా ఆవిడ దయ్యాలకి భోజనం పెడుతుంది, ఫోటోలు తీసుకోండి!"

వెర్లీన్ లేచి గిన్నె మూత తీసి, ఎర్రకప్పు వైపు తిరిగింది. అమ్మా, తిను, అని మనసులో అనుకుంటూ గిన్నె సముద్రంలోకి వంచబోయింది.

"ఆగవే! అది మా ఇల్లు!"

నల్లకళ్ళద్దాలు తీసేసింది పెద్దావిడ. "నేనే, డోర్కస్‌ని. బెరిల్ స్వీనీ కూతుర్ని. లండన్‌నుంచి వచ్చా. ఎక్కినప్పట్నుంచీ నిన్నే చూస్తున్నా, నువ్వా కాదా అని. ఆ చూరు చివర చూడవే, రేకు కోడిపుంజు. మా నాన్న చేసింది. దాని తోక విరగ్గొట్టింది ఎవరు? బడికి పోతూ రాయి విసిరింది నువ్వు కాదూ? దాంతోనేగా మా అమ్మకీ మీ అమ్మకీ మాటలు పోయింది!"

వెర్లీన్ చూసింది. కోడిపుంజు ఉంది. తోక లేదు. ఇన్నేళ్ళుగా అది అక్కడే ఉంది, తనూ చూస్తూనే ఉంది. థాడియస్ చూపుడువేలితో చూపించాక అది మన ఇల్లే అనుకుంది, కోడిపుంజుని గాలికి కొట్టుకొచ్చిన రేకుముక్క అనుకుంది.

"లండన్‌లో కూర్చుంటే అన్ని కప్పులూ ఒకేలా ఉంటాయమ్మా," అన్నాడు థాడియస్ నవ్వుతూనే. "రోజూ వచ్చేవాణ్ణి నేను. చెప్పవే వెర్లీన్, మన ఇల్లు అదే కదా?"

అందరూ ఆమె వంకే చూస్తున్నారు. అవునంటే గొడవ పోతుంది. కాదంటే? కాదని తనకేం తెలుసు? ఊరు ఉన్న రోజుల్లో ఆ ఇంటిని ఏనాడూ సముద్రం మీదినుంచి చూడలేదు. పడవలెక్కింది మగాళ్ళు. తనకి తెలిసిందల్లా లోపలి ఇల్లు. ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ గోడకి చెమ్మ పడుతుందో, అమ్మ సూదులు ఎక్కడ గుచ్చిపెట్టేదో. బయటినుంచి ఎలా ఉండేదో మాత్రం తెలియదు. ఒకసారెప్పుడో, మనది ఇంకాస్త పైకి ఉండాలేమో అని అడిగితే, "నీకేం తెలుసు దిక్కులు? వంటింట్లో దిక్కులుంటాయా?" అన్నాడు. నిజమే కదా అనుకుని మళ్ళీ అడగలేదు.

అయితే ఇన్నేళ్ళూ ఎవరికి పెట్టింది? బెరిల్ స్వీనీకి! "ఆ మనిషికి నా గడపలో మంచినీళ్ళు కూడా పుట్టవు," అనేది అమ్మ. ఆ మనిషి కాలు మీద కాలేసుకుని లవంగాల పులుసు తాగుతుంటే, అమ్మ పై వీధిలో బూడిద కింద ఖాళీ కంచం పట్టుకుని కూర్చుందన్నమాట. కూతురు మరిచిపోయిందనుకుంటూ.  వస్తున్నది ఏడుపో నవ్వో వెర్లీన్‌కే తెలియలేదు.

"థాడ్, నిజం చెప్పు. అది మనదేనా?"

అతను మైకుని అరచేత్తో మూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడా అడిగేది? ఏదో ఒకటి చూపించాలి కదే. మొదటిసారి నిన్ను తీసుకొచ్చినప్పుడు మా ఇల్లేది, మా ఇల్లేది అని వెక్కి వెక్కి ఏడ్చావు. చూడలేక అదిగో అన్నాను. ఊరుకున్నావు. ఇక ఎలా కాదనను?"

ఆమెకి కోపం రావాలి. రాలేదు. జాలి రాబోయి అదీ ఆగిపోయింది. తనని ఊరుకోబెట్టాలనుకున్నాడు, నిజమే కావచ్చు. మరి మిషను మోసింది నేనేనని అతను జనానికి చెబుతున్నది ఎవరి ఏడుపు చూడలేక? ప్రేమ ఎక్కడ ఆగింది, అబద్ధం ఎక్కడ మొదలైంది? దారం చిక్కుపడితే అమ్మ కొస వెతికేది. తనకి కొస దొరకడం లేదు. చేతులు మాత్రం ఊరికే ఉండక, ఐసు పెట్టె మీద ఉన్న గరిటెని సముద్రపు నీళ్ళలో ముంచి కడగడం మొదలుపెట్టాయి.

కడుగుతుంటే గుర్తొచ్చింది. వంటింటి కిటికీ. అంట్లు తోముతూ రోజూ చూసిన కిటికీ. ఎదురుగా జెట్టీ చివరి ఇనుప స్తంభం, దాని వెనక దూరంగా బ్రాన్స్‌బీ కొన. రెండూ అతుక్కున్నట్టు ఒకే గీతలో ఉండేవి. చిన్నప్పుడు ఒక కన్ను మూసి, ఆ కొనని స్తంభానికి తగిలించి ఆడుకునేది. జెట్టీ పోయింది గానీ ఆ స్తంభం తుప్పుపట్టి ఇంకా నిలబడే ఉంది.

"పడవ కాస్త వెనక్కి తియ్యి," అంది.

"ఎందుకు?"

"చెప్తాను, తియ్యి. కొన సరిగ్గా నా వీపు వెనక ఉండాలి. స్తంభం నా మొహానికి ఎదురుగా ఉండాలి."

"తియ్యవయ్యా, పెళ్ళాం అడుగుతుంటే!" అని డోర్కస్ గదిమింది. థాడియస్ గొణుక్కుంటూ చుక్కాని తిప్పాడు. వెర్లీన్ పడవ మధ్యలో నిలబడి వెనక్కి చూస్తూ, ముందుకి చూస్తూ, ఇంకాస్త, ఇంకాస్త అంటూ పోయింది. ఒకచోట ఆగమంది. వెనక కొన, ముందు స్తంభం. స్తంభం వెనక, ఎర్రకప్పుకి చాలా పైన, బూడిద వాలు. రాయి లేదు, గోడ లేదు, గడ్డిపోచ లేదు.

"ఇక్కడేముందే? ఏమీ లేదు!" అన్నాడు థాడియస్.

"ఏమీ లేదు. అదే మా ఇల్లు."

టూరిస్టులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకతను కెమెరా ఎత్తి, తీయడానికేమీ కనబడక దించేశాడు. వెర్లీన్‌కి మాత్రం రూఢిగా తెలుసా? తెలియదు. ఒడ్డు మారింది, స్తంభం ఒరిగి ఉండొచ్చు, కన్ను మోసం చేసి ఉండొచ్చు. అయినా గిన్నె వంచింది. అమ్మా, ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

"మరి మా అమ్మ సంగతేంటి?" అంది డోర్కస్. "ఇన్నేళ్ళు రుచి మరిగింది, ఉన్నట్టుండి మానేస్తే ఊరుకునే మనిషి కాదు. కలలోకొచ్చి నా పీక పిసుకుతుంది."

వెర్లీన్ పకపకా నవ్వింది. వంచిన గిన్నెని నిలబెట్టి, సగం బెరిల్ కోసం ఉంచి మూత పెట్టింది.

థాడియస్ గొంతు సవరించుకుని మళ్ళీ మైకు ఎత్తాడు. "సరేనండీ, భోజనాల వేళైంది! ఇక మా ఆవిడ మీకు..."

వెర్లీన్ అతని దగ్గరికి నడిచింది. కడిగిన గరిటె అతని చేతిలో పెట్టి, మైకు తీసుకుంది. అది ఆమె అనుకున్నంత బరువుగా లేదు.  అందరూ ఎదురుచూస్తున్నారు. భుజం కాస్త సలిపింది.

"మా ఇల్లు అదేనో కాదో నాకు సరిగ్గా తెలియదు," అంది. "కుట్టు మిషను మోసింది మాత్రం నేను."