నిప్పు లాగింది ఎవరు

జిరాక్స్ షాపు బెంచీ మీద కూర్చుని బాయిలర్ మనిషి మోకాళ్ళు రాసుకుంటున్నాడు. మిల్లు మూతపడి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఎక్కని మెట్లు లేవు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట, బయోడేటా ఇచ్చి వెళ్ళమని. ఇరవై ఆరేళ్ళు బాయిలర్ ముందు నిలబడి ఆవిరి కాసినవాడి దగ్గర కాగితం ఏముంటుంది? ఆసుపత్రిలో దుప్పట్లుతికే చోట బాయిలర్‌కి ఒక మనిషి కావాలట. ఒక్కడే. కాగితాలివ్వడానికి ఇవాళే ఆఖరు. కుట్టుమిషను పని పక్కనపెట్టి పెద్దకూతురు వెంట వచ్చింది.

"కొత్తగా టైపు కొట్టక్కర్లేదు మావయ్యా," అన్నాడు షాపాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి. "నిన్ననే మీ జోడీ పొట్టి మేస్త్రి వచ్చి కొట్టించుకెళ్ళాడు. ఇద్దరిదీ ఒకే బాయిలర్, ఒకే షిఫ్టు. పేరూ పుట్టినరోజూ మారిస్తే సరి."

పొట్టి మేస్త్రి కూడా దీనికే అర్జీ పెట్టాడన్నమాట. పెట్టక ఏం చేస్తాడు? వాడింట్లోనూ పొయ్యి వెలగాలి.

కాగితం బయటికొచ్చింది. కూతురు చదివి వినిపించింది. బొగ్గు వేయడం, ఆవిరి చూడటం, పొగగొట్టాలు శుభ్రం చేయడం. అన్నీ నిజమే. అన్నిటికీ తలూపాడు. చివర్లో ఇంకో మాట ఉంది.

"బాయిలర్‌లో నీళ్ళు అడుగంటినప్పుడు వెంటనే నిప్పు లాగేసి పెద్ద ప్రమాదం తప్పించాను."

"అది తీసెయ్," అన్నాడు.

"అదేంటి నాన్నా! ఇందులో కంటికి ఆనేది అదొక్కటే."

"అది నేను కాదు. వాడు."

షాపాయన నవ్వాడు. "మిల్లే లేదు మావయ్యా, ఎవడొచ్చి అడుగుతాడు? బయోడేటా అంటే ఫోటో తీయించుకోవడం లాంటిది. కాస్త పౌడరు రాసుకోవాలి."

"రాసుకో. మొహం మాత్రం నాదై ఉండాలిగా."

కూతురు బెంచీ మీద పక్కనే కూలబడింది. "అసలేం జరిగింది?"

ఆయనకి మాటలు తీయడమంటే బావిలోంచి నీళ్ళు తోడినట్టే. అయినా చెప్పాడు.

"లోపల నీళ్ళెంత ఉన్నాయో చూపించడానికి ఒక గాజు గొట్టం ఉంటుంది. ఆ రోజు అది సగం నిండుగా కనబడుతోంది. మట్టి అడ్డుపడి అబద్ధం చెప్పింది. ఇనుము కాలిన వాసనొచ్చాక తెలిసింది. నా చెయ్యి నీళ్ళ పంపు మీదికి పోయింది."

"నీళ్ళు లేకపోతే నీళ్ళేగా పట్టాలి?"

"ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళా? షెడ్డు మొత్తం లేచిపోయేది. ఇరవై మందిమి ఉన్నాం. వాడు పార కర్రతో నా చేతి మీద ఒక్కటిచ్చి, నిప్పంతా బయటికి లాగేశాడు."

కూతురు ఆయన కుడి మణికట్టు వంక చూసింది. అక్కడ ఎముక వంకరగా అతుక్కుంది.

"సైకిల్ మీంచి పడ్డానన్నావు!"

"అన్నాను."

"పదహారేళ్ళుగా అదే మాటంటున్నావు కదా నాన్నా."

"వాడు పైకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

కూతురు మెల్లగా అడిగింది. "ఆ తర్వాత ఏం చేశావు?"

"ఏముంది చేయడానికి. గాజుని నమ్మడం మానేశాను. గంటగంటకీ ఆ గొట్టం కింది కుళాయి విప్పి నీళ్ళు వదిలేవాణ్ని. మళ్ళీ ఎక్కుతున్నాయా లేదా చూసేవాణ్ని. జ్వరమొచ్చినా సరే."

"అదే రాయండి," అంది కూతురు లేచి. "చెయ్యి పంపు మీదికి పోయింది, మేస్త్రి ఆపాడు, నిప్పు ఆయనే లాగాడు, అప్పట్నుంచీ గంటగంటకీ నీళ్ళు వదిలి గాజు చూశాడు. ఉన్నదున్నట్టు."

"ఇదేం బయోడేటా తల్లీ! స్టేషన్లో నేరం ఒప్పుకున్నట్టుంది," అన్నాడు షాపాయన. అంటూనే కొట్టాడు.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఆఫీసరు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఉన్నాడు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

"రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి, ఈ ఒక్క ముక్క తప్ప," అన్నాడు ఆయన. "ప్రమాదం తప్పించానని ప్రతివాడూ రాస్తాడు. నేను పట్టించుకోను. కానీ పోటీకొచ్చినవాడే సాక్ష్యం రాసిస్తే ఏమనాలి? పంపు మీదికి పోయిన చెయ్యి మీదేనా?"

"నాదేనండీ."

"మళ్ళీ పోదని ఏమిటి నమ్మకం?"

"పదహారేళ్ళు పోలేదండీ. అంతకంటే నాకు తెలీదు."

ఆఫీసరు పొట్టి మేస్త్రి కాగితం ముందుకు లాక్కున్నాడు. "కింద ఆసుపత్రి నిండా రోగులున్నారు. ఆయన్నే తీసుకుంటాను. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాడు? తను ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాడు.

బయట మెట్ల మీద పొట్టి మేస్త్రి బీడీ వెలిగించకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "ఏమన్నాడు బావా?"

"నీకే."

మేస్త్రి బీడీ జేబులో పెట్టేసుకున్నాడు. "నీ కాగితం నాకూ చూపించాడు. నీ చెయ్యి సంగతి నేను రాయలేదు కదరా. నీ గొయ్యి నువ్వెందుకు తవ్వుకున్నావు?"

"నువ్వు రాయలేదు. తెలుసు."

ఇద్దరూ ఆ మెట్టు మీదే పక్కపక్కన కూర్చున్నారు, షిఫ్టు మారే వేళ కూర్చున్నట్టే. లేచేటప్పుడు బాయిలర్ మనిషి అడిగాడు.

"వీళ్ళ గాజు చూశావా?"

"చూశాను. మసి పట్టి ఉంది."

"గంటగంటకీ నీళ్ళు వదులు."

"వదుల్తాలే బావా."

"మర్చిపోకు," అని మెట్లు దిగాడు. జిరాక్స్ షాపు కట్టేసే లోపు వెళ్ళాలి. అదే కాగితం, ఇంకో నాలుగు కాపీలు.