గాలి తగిలితే నీలమయ్యే మట్టి

రూలోఫ్ ఇరవై ఆరేళ్లుగా డ్రెంతె పల్లెల్లో కాలువలు తవ్వే యంత్రం నడుపుతున్నాడు. మట్టి అతని బతుకుతెరువు. దాన్ని సీసాల్లో పోసి దాచుకునే వాళ్లుంటారని మాత్రం ఎరగడు. మార్చి నెలలో ఓ ఉదయం ఫెన్నా అనే ముసలావిడ ఇంటి వెనక మురుగు గొట్టం మార్చి, చేతులు కడుక్కుందామని ఆమె పనిగదిలోకి వెళ్లి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

గోడ పొడవునా అరల్లో సీసాలు. ఎరుపు, పసుపు, గోధుమ, బూడిద రంగుల మట్టి. డెబ్బై దాటిన ఫెన్నా గాజుపలక మీద మట్టిపొడిని అవిసె నూనెతో నూరుతోంది. కొన్న రంగు ముట్టుకోనని, చుట్టుపక్కల నేలలో దొరికినదానితోనే బొమ్మలు వేస్తానని చెప్పింది.

రూలోఫ్ మట్టి రంగు చూసే, ఒక్కో సీసా చూపిస్తూ, ఇది వాగు మలుపు దగ్గరిది, ఇది గొర్రెల కొట్టం వెనకది అని చెప్పుకుపోయాడు. ఆమె సీసాల అడుగున రాసిపెట్టుకున్న పేర్లు చూసుకుంది. తొమ్మిదింట్లో ఎనిమిది సరిపోయాయి. నూరడం ఆపేసింది.

"నీలం లేదేం పెద్దమ్మా?"

"మన నేలలో నీలం ఎక్కడిది నాయనా? ముప్పై ఏళ్లుగా ఆకాశాన్ని బూడిదరంగుతోనే వేస్తున్నా."

"మబ్బు వీడని మన ఆకాశానికి అదే ఎక్కువ. కానీ నీలం ఉంది. తవ్వేటప్పుడు సున్నంలా తెల్లగా ఉంటుంది, గాలి తగిలితే నీలమైపోతుంది."

"ముసలిదాన్నని ఆటపట్టిస్తున్నావా?"

"బూట్లు తొడుక్కోండి."

అతను ఆ వారం లోతు చేస్తున్న వాగు రెండు మైళ్ల దూరంలో ఉంది. యంత్రం తొట్టి నల్లటి బురదను పైకెత్తి ఒడ్డున కుమ్మరించింది. అందులో తెల్లటి ముద్దలు. ఫెన్నా ఒకటి అరచేతిలో పెట్టుకుని రెప్ప వాల్చకుండా చూస్తూ కూర్చుంది. కాసేపటికి అంచున వెన్న తీసిన పాలలాంటి నీలిచ్ఛాయ పొడసూపింది. ఇద్దరూ ఫ్లాస్కులోని కాఫీ పూర్తిచేసేసరికి ముద్దంతా పావురం మెడ రంగుకు తిరిగింది. ఆమె రూలోఫ్ భుజం మీద గట్టిగా ఒక్క చరుపు చరిచి, పైకోటు విప్పి, దాని నిండా ముద్దలు ఏరుకుంది.

అవి నీడలో ఎండడానికి పది రోజులు పట్టింది. ఈలోగా రూలోఫ్‌కి నిద్ర పట్టలేదు. రోజూ తన యంత్రం కత్తిలా కోసే గట్టులోని పొరలన్నీ కళ్లు మూసుకున్నా కనిపించసాగాయి. ముద్దలు ఎండాక వచ్చిన శనివారం పొద్దున్నే ఆమె తలుపు తట్టి, తానూ ఒక బొమ్మ వేసి చూస్తానని సిగ్గుపడుతూ అడిగాడు.

ఫెన్నా కుంచె, నూరిన రంగులు, ఓ చెక్కపలక అందించింది. అతను ఆకాశం జోలికి పోలేదు. పైన గడ్డి, కింద ఇసుక, ఆ కింద నల్లమట్టి, దాని గుండెలో నీలం, ఒక్కో పొరా వేసుకుంటూ పోయాడు. మధ్యాహ్నం రొట్టె తినమంటే వినిపించుకోలేదు. పలక అడుగంచుకు వచ్చేసరికి ఇంకా మూడు పొరలు మిగిలిపోయాయి.

"ఇంకాస్త పొడవాటి పలక ఉందా పెద్దమ్మా?" అన్నాడు.