నేను తప్ప అందరూ

ఆల్బమ్ తిరగేస్తూ నా కూతురు అడిగింది: "అమ్మా, మనం సముద్రానికి వెళ్ళినప్పుడు నువ్వెందుకు రాలేదు?"

రాకపోవడమేమిటి! ఆ పిల్ల ఒంటి మీద ఇసుక దులిపింది నేను, మా అత్తగారి చెప్పులు మోసింది నేను, ఎండలో కళ్ళు చికిలించుకుని ఆ ఫోటోలన్నీ తీసింది నేను. తీసేదాన్ని నేనే కాబట్టి ఒక్కదాంట్లోనూ లేను. మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఒకదాంట్లో మాత్రం ఇసుక మీద నా నీడ పడింది. ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది, దాచడమెందుకు?

మా ఇంట్లో ఉన్నది మా అన్నయ్య ఇచ్చిన పెద్ద కెమెరా. దాన్ని చూస్తే అందరికీ హడలే. ఆ బరువుకి అత్తగారి చేతులు వణుకుతాయి. మా ఆయన మోటార్ సైకిళ్ళు బాగుచేస్తాడు, ఎంత సబ్బు అరగదీసినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. "నా చేతులకి అలాంటివి ఎందుకే" అని వెనక్కి జరుగుతాడు. పోనీ ఫోన్లున్నాయా అంటే, ఆయనది ఏనాడో పగిలింది, నాది పిల్ల బకెట్లో ముంచింది.

"కొత్తది కొంటున్నాం. చిన్నది, గట్టిది" అని తేల్చి చెప్పాను.

మా బావగారు ఊరుకుంటారా? "కొంటే పెద్ద లెన్సుది కొనమ్మా. చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి."

"చంద్రుడు మా ఇంటి మనిషి కాదు కదండీ" అన్నాను.

మా ఆయన్ని షెడ్డు నుంచి నేరుగా దుకాణానికి రమ్మన్నాను. చేతులు కడుక్కోవద్దని మరీ మరీ చెప్పాను. పాపం, చేతులు జేబుల్లో దోపుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎవరు వాడతారమ్మా?" అడిగాడు దుకాణదారు.

"నేను తప్ప అందరూ."

అతను తికమకపడుతూనే ఒక్కొక్కటీ తీసి చూపించాడు. ఒకటి పిల్ల చేతిలో పట్టదు. ఇంకొకదాని మీటలు చూస్తే అత్తగారు దణ్ణం పెట్టి పక్కన పెట్టేస్తారు. చివరికి అరచేతిలో ఇమిడేదొకటి తీశాడు. దుమ్మూ నీళ్ళూ లోపలికి పోవట, కింద పడ్డా ఏమీ కాదట, చెయ్యి వణికినా బొమ్మ చెదరదట.

"ఏదీ, చూద్దాం" అని మా ఆయన చెయ్యి జేబులోంచి లాగి అందులో పెట్టాను. కంగారులో జారవిడిచాడు. టపీమని నేల మీద పడింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు, దుకాణదారు మొహంలోనూ లేదు. నేనే తీసి మళ్ళీ ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడు నొక్కండి."

నొక్కాడు. ఫోటో పడింది.

"ఇదే ఇవ్వండి" అన్నాను.

"మార్చుకోడానికి ఇంకో లెన్సు కూడా తీసుకోండమ్మా, సెట్టు పూర్తవుతుంది."

"మార్చే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఉన్నదే బిగించి, మెడలో వేసుకునే తాడొకటి ఇవ్వండి."

ఆ ఆదివారమే అందరం సముద్రానికి వెళ్ళాం. అలవాటు కొద్దీ తాడు నా మెడలో వేసుకోబోయి, ఆగి, మా ఆయన మెడలో వేశాను. ఆయన తీశాడు, అత్తగారు తీశారు, పిల్ల ఇసుక చేతులతోనే తీసింది. ఇంటికొచ్చి కెమెరాని కుళాయి కింద కడిగాం.

ప్రింట్లు వేయించి చూస్తే ఒక్క ఫోటో కూడా తిన్నగా రాలేదు. ఉన్నవాటిలో మంచిదాంట్లో నా నుదురు సగం ఎగిరిపోయింది, ఒక మూల మా ఆయన బొటనవేలు అడ్డం పడింది. పిల్ల దాన్నే ఏరి, ఆల్బమ్‌లో పాత సముద్రం ఫోటోల మధ్య అంటించి నానమ్మకి చూపించింది.

"చూశావా నానమ్మా, అమ్మ కూడా వచ్చింది. కాస్త ఆలస్యమైందంతే."