చెయ్యి చాలు

యాభై దాటిన నలుగురు మగవాళ్లు నెల్లాళ్లపాటు ఒకే భోజనాల బల్ల చుట్టూ కూర్చుని తమ స్నేహం మీద సినిమా తీస్తే, ఆ బల్ల తుడిచిందెవరు? అడిగినప్పుడల్లా జవాబుకు బదులు నవ్వే వచ్చింది.

బల్ల ఆమెది. దర్శకుడు ఆమె భర్త. నటులు అతనూ, అతని చిన్ననాటి నేస్తాలైన పళ్ల డాక్టరు, లాయరు, ప్రిన్సిపాలు. చేతి డబ్బుతో తీసుకుంటున్న హాస్యచిత్రం. పెళ్లికి ముందు ఆమె టీవీలో ఎడిటరు. "బయటివాళ్లెందుకురా, మనింట్లోనే ఉందిగా కత్తెర!" అన్నాడు భర్త. పాతికేళ్ల కాపురంలో ఆ కత్తెర అతనికి గుర్తు రావడం అదే మొదలు. పైగా ఒక షరతు: "మేం పగలబడి నవ్విన చోట మాత్రం ఒక్క ముక్క కొయ్యకు. సినిమాకి ప్రాణం అదే."

"కట్" అన్నాక కెమెరా ఆపాలన్న ధ్యాస ఆ కొత్త కళాకారులకు ఉండేది కాదు. ఆమె గది తలుపు వేసుకుని తీసిందంతా చూసింది. రాసుకున్న జోకులకు వాళ్లు నవ్విన నవ్వు పంటికింద రాయి పడ్డట్టుంది. పొట్టలు పట్టుకుని నవ్వింది ఒక్కచోటే, "కట్" తరువాత.

"ఒరేయ్, హీరో పెళ్లానికి పేరేం పెడదాం?" అన్నాడు పళ్ల డాక్టరు.

"పేరెందుకురా? టీ అందించే చెయ్యి చాలు," అన్నాడు ఆమె భర్త.

"చెయ్యి కూడా దండగే, ట్రే చాలు!" అన్నాడు లాయరు.

"మొహం చూపించావో, కామెడీ కాస్తా ఏడుపు సినిమా అయిపోతుంది!" అన్నాడు ప్రిన్సిపాలు.

నవ్వుల నడుమ, తెర అంచున, ఎంగిలి ప్లేట్లు తీస్తున్న చెయ్యొకటి క్షణం ఆగి, మళ్లీ కదిలింది. ఆ మాటలు ఆనాడే తన చెవిన పడ్డాయని తెరమీద తన చెయ్యి చూశాకే ఆమెకు తెలిసింది. ఎన్ని వింటే మనిషి విన్నది కూడా మరిచిపోతుంది!

భర్త ఆజ్ఞను ఆమె అక్షరాలా పాటించింది.

తొలి ప్రదర్శనలో ఆ దృశ్యానికి హాలు ముందు గొల్లుమంది. చెయ్యి ఆగేసరికి నవ్వు గొంతులోనే చచ్చింది. పళ్ల డాక్టరు భార్య లేచి, మొగుడి పక్క సీటు వదిలి, వెనక వరుసలో కూర్చుంది.

"నలుగురిలో పరువు తీశావు కదే! రేపే దాన్ని కోసిపారెయ్," అన్నాడు భర్త పళ్లు నూరుతూ.

"ప్రాణం తియ్యొద్దన్నది మీరేనండీ. ఫెస్టివల్‌కి కాపీ పొద్దున్నే పంపేశాను. ఎడిటరుగా నా పేరు మీ పేరంత పెద్ద అక్షరాల్లోనే వేశాను."

ఆ సినిమా మీ ఊరికీ వస్తుంది. మీ ఇంటాయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ దృశ్యం వచ్చినప్పుడు తెరకేసి చూడకండి. ఆయన మొహంలోకి చూడండి.